విత్తనాలిచ్చే ఇల్లు

మా తోడికోడలి మీద నాకు అసూయ పుట్టించినవాడు సైకిలెక్కి వచ్చాడు. అంతకు ముందు ఆమె అంటే నాకు చిరాకుండేది, కోపముండేది, అప్పుడప్పుడు జాలి కూడా వేసేది. అసూయ మాత్రం లేదు. ఎందుకుంటుంది? ఊళ్ళో విత్తనాలిచ్చే ఇల్లు నాది. ఆమెది కాదు.

ఈ కాలం వాళ్ళకు విత్తనం సంచిలో వస్తుంది, సంచి మీద బొమ్మ కూడా ఉంటుంది. కాబట్టి కాస్త విడమరిచి చెప్పాలి. నేను చెప్పేది యుద్ధం రోజుల మాట. బర్మా బియ్యం ఆగిపోయి, చిత్తూరు టౌనులో కాఫీ తాగే ఇళ్ళ వాళ్ళు కూడా రాగిసంకటి మింగడం నేర్చుకుంటున్న రోజులు. బంగారుపాళ్యం పక్కనున్న మా పల్లెలో రాగి పండించని ఇల్లు లేదు. కానీ తొలకరికి, మా ముంగారు వాన పడేసరికి మంచి విత్తనం మిగిలేది ఒక్క ఇంట్లోనే. కోతకు ముందే చేలోకి దిగి, నిండైన ఎన్నులు చూసి ఏరుకోవాలి. కంకిని మా వైపు ఎన్ను అంటాం. వాటిని నీడన ఆరబెట్టి, చేత్తో నలిపి, బూడిద కలిపి, వేపాకు పరిచి బానలో పోసి, మూతి పేడతో అలకాలి. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. కష్టమంతా తరవాతే. ఎండాకాలంలో పిల్లలు ఆకలని ఏడ్చినా ఆ మూత తీయకూడదు. మా అత్త తీయలేదు, ఆమె అత్త తీయలేదు. నేనూ తీయలేదు. ఒక ఏడు చింతగింజలు నానబెట్టి ఉడికించుకు తిన్నాం గానీ బాన జోలికి పోలేదు.

అందుకే వాన పడిన మర్నాడు ఊరి ఆడవాళ్ళంతా చేటల్లో తమ రాగులు పోసుకుని మా వాకిట్లోకి వచ్చేవాళ్ళు. వాళ్ళవి మాకు పోసి, అంతే కొలత విత్తనం పట్టుకుపోయేవాళ్ళు. నేను బొట్టు పెట్టి కొంగులో పోసేదాన్ని. పంట చేతికొచ్చాక మొదటి సంకటి ముద్ద, విత్తనమిచ్చిన ఇంటికి రావాలి, అదీ ఆచారం. ఆ నాలుగు రోజులూ వండే పని లేక మా పొయ్యిలో పిల్లి పడుకునేది. మా అమ్మ వయసు వాళ్ళు కూడా నన్ను “విత్తనాలక్కా” అని పిలిచేవాళ్ళు. పాతికేళ్ళు నిండని మనిషిని. నా తల ఎంత ఎత్తున ఉండేదో మీరే అనుకోండి.

మా ఆయన, మా మరిది వేరుపడినప్పుడు ఇంటికి నడుమ గోడ పెట్టారు. పాడి ఆవు వాళ్ళకు పోయింది, విత్తనాల బాన మాకు వచ్చింది. అత్త ఒక నెల మా ఇంట్లో, ఒక నెల వాళ్ళింట్లో తినేటట్టు మాటయింది. ఆవు దొరికిందని సంతోషపడక నా తోడికోడలు ఆ రోజు బాన కోసం ఏడ్చింది. “పెద్దామెకైతే ఊరంతా దండం పెడతాది, నాకు పేడకళ్ళు ఎత్తేదా?” అని మా మరిదితో అనడం గోడ ఇవతల నాకు వినిపించింది. నేను చాలా సుఖంగా నిద్రపోయాను.

ఆ సైకిలాయన వ్యవసాయ శాఖ ఉద్యోగి. కుర్రవాడు, తిరుపతి వాడు. వాళ్ళ తాత తండ్రులు గుళ్ళో సేవ చేసుకునేవాళ్ళట. నుదుట నామం, నామం మీద దొరటోపీ. మా వాళ్ళు ఆయన్ను దొర అనాలో స్వామి అనాలో తేల్చుకోలేక చివరికి “సామీ” అన్నారు. ఆయన నేరుగా మా వాకిట్లోకే వచ్చాడు. రాడా మరి?

“అమ్మా, ఈ ఊళ్ళో రాగి విత్తనం మీ ఇంట్లోనే ఉంటుందని చెప్పినారు. ఒకసారి చూపిస్తారా?” అన్నాడు.

చూపించాను. పిడికెడు తీసి అరచేతిలో పరుచుకుని, ఊది, గోటితో కదిపి చూశాడు. “ఎంత శుభ్రంగా పెట్టుకున్నారమ్మా! ఒక్క పుచ్చు లేదు,” అన్నాడు. మా అత్త తిన్నె మీద కూర్చుని వక్క నములుతూ ఆ మాటకు తల ఊపింది. నేను నేల మీద లేను.

“అయితే నేను తెచ్చింది కోయంబత్తూరు విత్తనం,” అన్నాడు ఆయన. “ఎన్ను పెద్దది, తెగులు తక్కువ. ఊళ్ళో ఒక్క చేలో వేసి అందరికీ చూపించాల. ఆ చేలో పండిందంతా తిండికి కాదు, చుట్టు పల్లెలకు విత్తనానికే. వచ్చే ఏడు ఊరి వాళ్ళకు కూడా ఆ ఇంటి నుంచే ఇప్పిస్తాను.”

మా చేలో వేయండి సామీ, అనే మాట నోటిదాకా వచ్చింది. అడగడమెందుకు, ఆయనే అంటాడు గదా అని బెట్టుగా ఊరుకున్నాను. బాన నాది, మెప్పు నాది, ఇంక ఎవరికిస్తాడు?

“మీ చేను యాడుండాదమ్మా?” అని అడిగాడు.

“గుట్టెనక సామీ. నల్లరేగడి కలిసిన నేల. బంగారం,” అన్నాను.

“గుట్ట వెనకా?” అని ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. “పోయే వచ్చేవాళ్ళకు కనపడదే. సంతకు పోయే రోడ్డు పక్కన చేనెవరిది?”

“మాదే సామీ!” అని పక్క వాకిలి నుంచి గొంతు వినిపించింది. చూద్దును గదా, నా తోడికోడలు. ఎప్పటి నుంచి వింటోందో ఏమో, చేతిలో అప్పుడే చెక్కిన లేత టెంకాయ కూడా ఉంది. మా ఇళ్ళల్లో ఆయన నీళ్ళు ముట్టడు గదా, టెంకాయ నీళ్ళయితే తాగుతాడు. ఆ తెలివి నాకు రాలేదు. వచ్చినా మా పెరట్లో టెంకాయ చెట్టు లేదు. ఆయన తాగాడు, మూతి తుడుచుకున్నాడు, పోయి వాళ్ళ తిన్నె మీద కూర్చున్నాడు. అయిపోయింది. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా పెద్దలు!

ఆ రోజు అన్నం దగ్గర మా ఆయన అన్నాడు: “రోడ్డు పక్కనుండాదని వాళ్ళకిచ్చినాడు. దానికి నువ్వెందుకుమే మాడిపోతావు?”

“నేనేం మాడిపోలేదు. పొయ్యి మీద కూర మాడతా ఉండాది, పక్కకు జరుగు,” అన్నాను.

మాడిపోయాను. దాచడానికేముంది? ఇంకెవరికి ఇచ్చినా ఓర్చుకునేదాన్ని. పై ఊరికిచ్చినా ఓర్చుకునేదాన్ని. ఒకే గోడకు అటుపక్క, ఒకే అత్తకు కోడలు, నా బాన కోసం ఏడ్చిన మనిషి! వచ్చే ఏడు ఆడవాళ్ళు చేటలు పట్టుకుని ఏ వాకిట్లోకి పోతారన్నది ఆ టెంకాయ నీళ్ళతోనే తేలిపోతుందా అని నాకు ఆకలి పోయింది, నిద్ర పోయింది.

వాళ్ళు నారు పోశారు. నాటే రోజు ఆ సామి వచ్చి చేనికి అడ్డంగా తాడు పట్టించి, తాడు వెంబడే నాటమన్నాడు. ఊరంతా గట్టు మీద నిలబడి నవ్వింది. “రాగికి తాడేందబ్బా, పెండ్లి పందిరేస్తాండారా?” అన్నారెవరో. అందరి కంటే గట్టిగా నవ్విందాన్ని నేనే. ఎన్నాళ్ళకో అంత తృప్తిగా నవ్వాను. ఆ నవ్వు నెల తిరక్కుండానే ఎండిపోయింది. పైరు తేరుకుని, వరసలు కలిసి, కాండం నా బొటనవేలంత లావున లేచింది. సంతకు పోయే బండ్లు అక్కడ ఆగడం మొదలుపెట్టాయి. దిగి, చేయి పెట్టి చూసి, “ఎవురిదబ్బా ఈ చేను?” అని అడిగి మరీ పోయేవాళ్ళు.

నేను నీళ్ళకు పోవాలంటే ఆ గట్టు మీదుగా పోవాలి. చుట్టుదారి ఒకటుంది. మొదట్లో పంతానికి చుట్టుదారినే నడిచాను. తరవాత చూడకుండా ఉండలేక దగ్గరి దారికే మళ్ళాను. రోజూ బిందె చంకన పెట్టుకుని నిలబడి, ఎక్కడైనా పురుగు కనిపిస్తుందా, ఆకు పండిందా అని వెతికేదాన్ని. ఒక రోజు మూలన నాలుగు ఆకులు పసుపెక్కి ఉంటే ఆ రోజంతా ఇంట్లో పాట పాడుకుంటూ పని చేశాను. మర్నాడు మా మరిది ఎరువు చల్లాడు. ఆకులు మళ్ళీ పచ్చబడ్డాయి. నాకు తలనొప్పి వచ్చింది.

అంతలో నా తోడికోడలు చేలో దిష్టిబొమ్మ నిలబెట్టింది. కర్రకు గడ్డి చుట్టి, పైన సట్టి బోర్లించి, సున్నంతో కళ్ళూ పళ్ళూ గీసింది. దిష్టి పెట్టేవాళ్ళంతా రోడ్డు మీద పోతుంటే బొమ్మ మొహం మాత్రం నేను నీళ్ళకు వచ్చే దారికి తిరిగి ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“మే, రోడ్డు అటుంటే బొమ్మ మొగం ఇటెందుకు పెట్టినావు?” అని అడిగాను.

“గాలికి తిరిగిందిలే అక్కా.”

“గాలికి తిరిగే బొమ్మకు మెడ కాడ అంత బిగించి కట్టినావెందుకు?”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వితే బుగ్గన సొట్ట పడేది. ఆ సొట్ట కూడా నాకు లేదు. నిజం చెప్పొద్దూ, నా కళ్ళకే గనక మహిమ ఉండి ఉంటే ఆ పైరు ఎప్పుడో బూడిదయ్యేది. కాలేదు. పైపెచ్చు ఎన్ను వేసింది.

ఎన్ను వేశాక ఒక పొద్దున గట్టు మీద నిలబడి చూస్తే వరసల నడుమ ఏదో తేడా కనిపించింది. కొత్త రాగి ఎన్ను వేళ్ళు విప్పిన చెయ్యిలా ఉంది. వాటి మధ్య అక్కడక్కడా ఒక జానెడు పొడవెక్కి, కణుపులు ఎర్రగా, ఎన్ను పిడికిలి మూసినట్టుగా ఉన్న మొక్కలున్నాయి. అవి నా రాగులు! ఇక్కడికి ఎలా వచ్చాయో తెలియదు గానీ, సంతలో తప్పిపోయిన బిడ్డ కంటపడినట్టయింది నాకు. ఆ కొత్తదాని మధ్యన నావి తలెత్తుకుని నిలబడ్డాయని ఒక పూటంతా లోపల్లోపలే మురిసిపోయాను.

ఆ వారమే సామి వచ్చాడు. చేలోకి రెండడుగులు వేసి ఆగిపోయాడు.

“ఇదేందయ్యా ఇది, బెరకు!” అన్నాడు మా మరిదితో. బెరకంటే కల్తీ అన్నమాట. “చేనంతా బెరకే ఉండాదే! నేనిచ్చిన గింజ ఏరి కట్టింది. ఇందులో ఇంకో రాగి ఎట్లా కలిసింది? ఇట్లుంటే ఈ చేని గింజ విత్తనానికి పనికిరాదు. నేను తీసుకోను. దంచుకోని తినండి.”

నా తోడికోడలి మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. ఆ మొహం తిన్నగా నా వైపు తిరిగింది. నేను బిందెతో గట్టు మీదే ఉన్నాను. ఎక్కడికి పోతాను, అది నా రోజూ చోటే గదా!

“సామీ, ఆ రాగులెవురివో ఊరంతా ఎరుగు,” అంది. “మాయింట్లో ఆ విత్తనం లేదు. యాడుండాదో అందురికీ తెలుసు.”

గట్టు మీదున్న వాళ్ళంతా నన్ను చూశారు. బిందె కింద పెట్టాను.

“ఏందిమే నువ్వనేది? నీ చేలో నా విత్తనం పోసే ఖర్మ నాకేం పట్టింది? నేనిస్తే దండం పెట్టి తీసుకుపోతారు, దొంగతనంగా సల్లుకుంటానా?”

“పొద్దు పొద్దున్నే ఈడ నిలబడి నిట్టూర్పులు ఇడిసేది నువ్వు కాదా అక్కా? పసుపాకులు సూసి పాట పాడింది నువ్వు కాదా? గోడకు సెవులుండాయి!”

“ఉంటాయి! ఆ సెవులు నీవే గదా!”

చూసిన మాట నిజం. పాడిన మాట నిజం. కానీ కలిపింది నేను కాదు. అంత కోపంలోనూ నాకొక సంగతి తట్టింది: కలపాలనే ఆలోచన అన్నాళ్ళలో నాకు ఒక్కసారి కూడా రాలేదు. అన్నం మానేసి కుళ్ళిపోయినదాన్ని, ఆ మాత్రం తట్టలేదేమా అని నామీద నాకే ఒళ్ళు మండింది.

“బాన ముట్టి ప్రమాణం సేస్తా, పదండి!” అని అరిచాను.

“యాంటికి పొద్దున్నే అరుసుకుంటారు?” అంది మా అత్త. ఆమె వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ తీరిగ్గా గట్టు మీద నడిచి వస్తోంది. “నేనే గదా కలిపింది.”

అందరూ ఆమెను చూశారు. ఆమె తుపుక్కున ఊసి చెప్పింది: “నారు పోసే పొద్దు పెద్దదాని బానలో పిడికెడు తీసి సిన్నదాని విత్తనంలో ఏసినా. కొత్త గింజ ఇంట్లోకొస్తే పాత గింజను తోడు కలపల్ల. లేకుంటే పాతది అలగదా? అలిగితే ఇల్లిడిసి పోతాది. శెనిక్కాయలు తెచ్చినప్పుడు కలిపినాం, తెల్లొడ్లు తెచ్చినప్పుడు కలిపినాం. యాడన్నా సెడిందా సెప్పండి?”

చెడలేదు. అది మా ఇంటి ఆచారమే. మొదటిసారి చెనక్కాయ విత్తనం కొన్నప్పుడు పాతవి కలిపింది నా చేత్తోనే. సామి ఆ గట్టు మీదే చతికిలబడ్డాడు. “అవ్వా, నీ గింజ అలగకూడదని నా గింజను చెడగొట్టినావే!” అన్నాడు.

“సెడగొట్టేదేంది సామీ, తోడిచ్చినా,” అంది మా అత్త.

ఆయనకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. దీనికి ఒకటే దారుందని చెప్పాడు. గింజ గట్టిపడకముందే ఆ బెరకు మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకి బయట పారేయాలి. ఒక్కటి కూడా ఉండకూడదు. అలా చేస్తే మిగతా పంట విత్తనానికి తీసుకుంటానన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఎన్ను వేసిన పైరును పీకడమంటే మా వైపు నిండు చూలాలి మీద చేయి చేసుకున్నంత పాపం. కూలికి వచ్చిన ఆడవాళ్ళు చేతులు కొంగులో దాచుకున్నారు. “నా సేత కాదు సామీ,” అన్నాడు మా మరిది. నా తోడికోడలు కళ్ళు తుడుచుకుంటోంది గానీ చేలోకి అడుగు పెట్టలేదు. “పీకితే పీకండి, నేను సూడను,” అని మా అత్త ఇంటి దారి పట్టింది. నాకైతే లోపల చల్లగా ఉంది. పీకేవాళ్ళు లేరు, విత్తనం కాదు, పీడా పోయింది. వచ్చే ఏడు వాన పడితే చేటలన్నీ మా వాకిట్లోకే.

సామి ఊరుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఆయన ఊరుకోలేదు. “ఇంత మంచి పైరు పెట్టుకోని ఈ బెరకు కోసం పోగొట్టుకుంటారా? ఇది బెరకు, కలుపుతో సమానం,” అంటూ చేయి చాచి ఒక్కొక్క మొక్కనూ చూపించాడు. “అదో బెరకు. ఇదో బెరకు. ఆడ చూడండి, ఎంత పొడుగు బెరకో!” రోడ్డు మీద ఆగిన బండివాడు కూడా అర్థమైనట్టు “ఓహో, బెరకా!” అన్నాడు.

ఏది బెరకు? మా అత్త అత్త చేతి నుంచి నా చేతికి వచ్చిన గింజ! చింతగింజలు తిని కాపాడిన గింజ! నా చేలో నిలబడితే బంగారం, ఆమె చేలో నిలబడినందుకు కలుపా! ఇది ఇక్కడ ఇలాగే ఉంటే కోత దాకా సంతకు పోయే ప్రతివాడూ వేలెత్తి చూపించి బెరకు, బెరకు అంటాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. చీర ఎగదోపుకుని చేలోకి దిగాను.

మొదటి మొక్క అంత తేలిగ్గా రాలేదు. రెండు చేతులా పట్టి లాగితే మట్టి గడ్డతో సహా ఊడొచ్చింది.

“అక్కా, పాపమక్కా!” అని గట్టు మీద నుంచి అరిచింది నా తోడికోడలు.

“పాపం నాకు. ఫలం నీకు. నోరు మూసుకోని నిలబడు,” అన్నాను.

వరస తరవాత వరస పీకుతూ పోయాను. ఆకులు కోసుకుని చేతులు మండుతున్నాయి. సగం చేను అయ్యాక నడుము నిలబెట్టుకుని వెనక్కు చూశాను. వెనకున్న సగం, తాడు పట్టి గీసినట్టు ఒకే ఎత్తున, ఒకే రంగున, ఎంత అందంగా ఉందో! అప్పుడు బుర్రకెక్కింది, నేను చేస్తున్నదేమిటో. నా చేతులతో నా మొక్కలు పీకి, ఆమె విత్తనాన్ని శుద్ధి చేసి పెడుతున్నాను. ఆగిపోదామా అనుకున్నాను. ఆగితే ఇంకో సగం నావి అక్కడే నిలబడి మాట పడాలి. ఆగలేదు. చివరి మొక్క దాకా పీకాను.

గట్టెక్కేసరికి ఊరి వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు. “ఎంత పెద్ద మనసబ్బా! తోడికోడలి కోసం పాపం నెత్తినేసుకునింది,” అన్నారు. పెద్ద మనసా, నా బొంద! అందులో ఏముందో కనిపించి ఉంటే ఒక్కరు కూడా నాకు దారి ఇచ్చి ఉండరు. సామి చేతులు జోడించాడు. నేను ఆ మోపు నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చి ఎద్దులకు వేశాను. అవి తిన్నాయి, వాటికేం తెలుసు.

పంట ఇరగబండింది. కళ్ళంలో కుప్ప చూసి మా మరిది దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. సామి తీసుకుపోయినంత తీసుకుపోయి, ఊరికని చెప్పి మిగిలింది వాళ్ళింట్లోనే ఉంచాడు. దాన్ని ఎలా దాచాలో మా అత్తే దగ్గరుండి చూపించింది, బూడిద ఎంత, వేపాకు ఎంత. గోడ ఇవతల కూర్చుని అన్నీ విన్నాను. నాకు నేర్పిన మాటలే, ఒక్కటీ మారలేదు.

మొదటి సంకటి ముద్ద నా తోడికోడలు నాకే తెచ్చింది. “సామి మన కాడ తినడు గదక్కా. అందుకని నీకు తెచ్చినా,” అంది. ప్రేమతో తెచ్చిందో, చూడు నీ గతి అని తెచ్చిందో ఈనాటికీ తేల్చుకోలేను. రుచీ పచీ లేకుండా ఉండాలని ముక్కోటి దేవుళ్ళకూ మొక్కుకుని ఒక్క తునక నోట్లో వేసుకున్నాను. బాగుంది. ఛీ, ఎంత బాగుందో!

“ఎట్లుండాదక్కా?”

“కొంచెం జారైంది,” అన్నాను.

మళ్ళీ ఏడు ముంగారు వాన బాగా పడింది. మర్నాడు తెల్లవారగానే వాకిలి అలికి, ముగ్గు వేసి, పసుపూ కుంకుమా తిన్నె మీద పెట్టి, బాన మూతి తీసి కూర్చున్నాను. కొత్తది ఎంతమంది వేస్తారులే, పది మందిలో నలుగురు వేస్తారు, మిగతా వాళ్ళు రారా అనుకున్నాను. వచ్చారు, చేటలు పట్టుకుని వీధి నిండా వచ్చారు. కొందరు తల వంచుకుని, కొందరు “బాగుండావా అక్కా” అని పలకరించి, మా వాకిలి దాటి పక్క వాకిట్లోకి పోయారు. ఒక ముసలామె మాత్రం ఆగింది.

“ఏమనుకోవాకమ్మా. మావోడు అదే తెమ్మంటాండాడు. కొత్తొక వింత...”

“పాతొక రోత. తెలుసులే అత్తా, పో. మంచి గింజ అయిపోతాది,” అన్నాను.

ఆ నెల మా అత్త వాళ్ళింట్లో ఉంది. కొంగుల్లో గింజలు పోస్తుంటే ఆమె దీవించడం గోడ దాటి వినిపిస్తోంది. “ఇల్లు నిండల్ల, గాదె నిండల్ల!” ఆ మాట మా వాకిట్లో నేను అనేది. మధ్య మధ్య నా తోడికోడలి నవ్వు కూడా. ఎండ తిన్నె మీదికి వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.

మా ఆయన పెరటి వైపు నుంచి వచ్చాడు. భుజం మీద ఉండాల్సిన తువ్వాలు చేతిలో మూట కట్టి ఉంది. విప్పి చూడక్కర్లేదు. తమ్ముడింటికి పోయి వస్తున్నాడు.

“గుట్టెనక చేనికి,” అన్నాడు. నన్ను చూడకుండా గోడను చూస్తూ అన్నాడు. “పిల్లోళ్ళు తినల్ల గదామే. ఎక్కువ పండేది ఏసుకుంటే తప్పేముండాది?”

తప్పేమీ లేదు. తప్పుంటే తిట్టి ఉండేదాన్ని. ఆయన మూట మూలన పెట్టి నాగలి సవరించుకోవడానికి పోయాడు. నేను బాన ఒంచి చేటలో పోశాను. వేపాకు ఏరేశాను, బూడిద చెరిగేశాను. ఇసుర్రాయి ముందు కాళ్ళు చాపుకు కూర్చుని పిడికెడు పోసి తిప్పడం మొదలుపెట్టాను. పిండి ఎర్రగా, మెత్తగా రాలింది.

ఊరంతా విత్తనం పోసుకునే పూట రాయి మోత వినిపిస్తే ఎవరికైనా వింతగానే ఉంటుంది. అవతల నవ్వు ఆగింది. కాసేపటికి నా తోడికోడలు వచ్చి గడపలో నిలబడింది, చేతులకు పసుపు అలాగే ఉంది. రాయిని చూసింది, పక్కన ఒరిగి ఉన్న బానను చూసింది.

“అక్కా!” అంది. “అక్కా, అది విత్తనం గదా!”

“విత్తనం నీ ఇంట్లో ఉండాది,” అన్నాను. “ఇవి రాగులు.”

ఇంకో పిడికెడు తీసి రాతిలో పోశాను.